చెవుల్లో సూదులు

గంజాయి మానేసి తొమ్మిది రోజులైంది. ప్రెస్సులో కాగితాలు కోసే అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. అక్క పోరు పడలేక చైనా వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు.

ఆవిడ ఒక్కో చెవికి అయిదేసి సన్నని సూదులు గుచ్చింది. "అరగంట కదలకుండా కూర్చో బాబూ. ఇదేం మంత్రం కాదు, కోరిక కాస్త నెమ్మదిస్తే చాలు" అంది.

పది నిమిషాలకే ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. డాక్టరమ్మ లోపలి గదిలో ఉంది, పక్కన అక్క కునుకు తీస్తోంది. అతను పిల్లిలా లేచి, సూదులతోనే బయటపడి, ఇదివరకు రోజూ గంజాయి చుట్టి ఇచ్చిన పాత స్నేహితుడి తలుపు తట్టాడు.

వాడు నోరు వెళ్లబెట్టాడు. "ఇదేం అవతారంరా, ముళ్లపందిలా!" జేబులోంచి సిగరెట్టు తీయబోయి ఆగాడు. "అవి పీకేసి రా. నిన్నట్లా చూస్తూ ఇవ్వాలంటే నాకే ఏదోలా ఉంది."

చెయ్యి చెవిదాకా వెళ్లింది. సూది తగిలి చురుక్కుమంది. ఈపాటికి అక్క లేచి ఖాళీ కుర్చీ చూసే ఉంటుందనిపించింది. చెయ్యి దించి వెనక్కి తిరిగాడు.

అతను తిరిగొచ్చేసరికి అక్క డాక్టరమ్మ గుమ్మంలోనే ఉంది. "ఎక్కడికెళ్లావురా?"

"వాడి దగ్గరికే. తీసుకోలేదక్కా."

డాక్టరమ్మ గడియారం చూసి, "సరే, మళ్లీ మొదట్నుంచీ అరగంట" అంది.

అతను కూర్చున్నాడు. కోరిక పోలేదు, మోకాలు ఊగుతూనే ఉంది. అక్క దాని మీద చెయ్యి వేసింది.