ఒంటికొమ్మ పైన్ చెట్టు

ఎండలు ముదిరిన ఒక పొద్దున ఖుద్దూస్ తాండూరు స్టేషన్లో వికారాబాదు వైపు వెళ్లే రైలెక్కాడు. చేతిలో గంప, గంపలో రాతి తొట్టి, తొట్టిలో పైన్ చెట్టు. పదేళ్లు పెంచినా ఆ చెట్టు మోకాలెత్తు దాటలేదు. ఎదురుగా కూర్చున్న కందుల వ్యాపారి దాన్ని వింతగా చూసి, "గిది ఎండినట్టున్నది గద సాబ్, యాడికి మోసుకపోతున్నవ్?" అన్నాడు.

"మా బిడ్డకు చూపియ్యాలె," అన్నాడు ఖుద్దూస్. గంపను కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు.

పెద్ద యుద్ధం ముగిశాక అతను ఇంగ్లీషువాళ్ల ఫౌజుతో జపాను వెళ్లాడు. అక్కడ అతను కాపలా కాసిన గోదాము పక్కనే ఒక ముసలాయన ఉండేవాడు. ఇల్లు సగం కూలిపోయినా, పళ్లేల్లాంటి తొట్లలో పైన్ చెట్లను మాత్రం పసిపిల్లల్లా సాకేవాడు. భాష తెలియకపోయినా ఖుద్దూస్ రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాడు. కొమ్మకు రాగితీగ ఎలా చుడతారో, ఎలా వంచుతారో, ఏది ఉంచి ఏది కోస్తారో కళ్లతోనే నేర్చుకున్నాడు. వచ్చేసేటప్పుడు ముసలాయన వేలెడంత మొక్క చేతిలో పెట్టాడు. ఓడలో తను తాగే నీళ్లే దానికీ పోసి తెచ్చుకున్నాడు.

తాండూరులో బండలు చెక్కే పనిలో చేరాక, తనే ఒక నాపరాయిని తొలిచి దానికి తొట్టి చేశాడు. మొక్క బతికింది. కానీ దానికి ఏ రూపం ఇవ్వాలో మాత్రం తేల్చుకోలేకపోయాడు. ముసలాయన దగ్గర నిటారుగా నిలిచినవి, గాలికి ఒరిగినవి, కొండ అంచు నుంచి జారినట్టు వేలాడేవి అన్నీ ఉండేవి. ఖుద్దూస్‌కు అన్నీ ఇష్టమే. ఒకనాడు తీగ చుట్టేవాడు, మర్నాడు విప్పేసేవాడు. కత్తెర పట్టుకుని గంటసేపు కూర్చుని, "కోసినంక మల్ల అతుకుతదా?" అంటూ లేచిపోయేవాడు. కూతురు సైరా నవ్వేది. "అబ్బా, చెట్టు ముసలిదైతది గని నువ్వు మాత్రం తేల్చవు."

సైరాకు పదహారేళ్లు. తల్లి ఖాదర్‌బీని మింగిన దగ్గే నిరుడు ఆ పిల్లనూ పట్టుకుంది. వికారాబాదు గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో చేర్చాడు. సూదులు వేశారు, మాత్రలు ఇచ్చారు. కుడి ఊపిరితిత్తి మెరుగైంది. ఎడమదాంట్లో పడ్డ రంధ్రం మాత్రం పూడలేదు. కిందటి వారం డాక్టరు అతన్ని పక్కకు పిలిచి చెప్పాడు. ఎడమవైపు పక్కటెముకలు కొన్ని తీసేయాలి, అప్పుడు ఆ పక్క కుంగి రంధ్రం మూసుకుంటుంది. భుజం వాలిపోతుంది, మనిషి ఒక పక్కకు ఒరుగుతుంది. చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం డాక్టరు చెప్పలేదు, ఖుద్దూస్ అడగలేదు. ఆలోచించుకుని వస్తానని ఇంటికి పారిపోయాడు.

ఇంటికొస్తే చెట్టు సంగతి ఇలా ఉంది. అతను ఆసుపత్రి దగ్గరున్న రోజుల్లో పక్కింటి మొగులమ్మ రోజూ నీళ్లు పోసింది గానీ, ఎండ రాతి తొట్టిని పెనంలా కాల్చేసింది. పైనుంచి దాదాపు కింది దాకా ఆకులు ఎర్రబారి, ముట్టుకుంటే రాలుతున్నాయి. కింద ఎడమవైపు ఒకే ఒక్క కొమ్మ పచ్చగా మిగిలింది. ఇక తేల్చక తప్పదు. కానీ చెయ్యి ఆడలేదు. వారమంతా నిద్ర లేదు, తిండి లేదు. చివరికి చెట్టును గంపలో పెట్టుకుని బయలుదేరాడు.

సైరా వరండాలో, గాలి తగిలే మంచం మీద పడుకుని ఉంది. చెట్టును చూసి మోచేతి మీద లేచింది.

"అయ్యో, పైన సచ్చిపోయిందా?"

"ఆఁ బేటీ. గీ ఒక్క కొమ్మనే ఉన్నది," ఖుద్దూస్ ఆ కొమ్మ పైన వేలు పెట్టి చూపించాడు. "గీడిదాక కోసేస్తే చెట్టు ఒక పక్కకే ఉంటది. గని మంచిగనే ఉంటది. ఆ ముసలాయన కాడ గసొంటియి మస్తుగుండె. చూసెటోళ్లు గవ్విటినే..."

"అబ్బా." సైరా కళ్లు ఎర్రబడ్డాయి. "అరుణాదేవి సిస్టర్ నాకు అంత చెప్పింది. నువ్వు నాకు చెప్పకుండ చెట్టు ముచ్చట చెప్తున్నవా?"

అతను తొట్టిని కింద పెట్టాడు.

"నేను చెట్టునా? దానికి నొప్పి ఎరుకనా? అది అద్దంల చూసుకుంటదా? మత్తు ఇయ్యరంట, ఎరుకేనా నీకు? జర మొద్దుబారెటట్టు సూది ఇచ్చి, మెలకువ ఉండంగనే ఎముకలు తీస్తరంట."

అది అతనికి తెలియదు. మంచం పట్టె పట్టుకున్నాడు. ఏదో అనబోయేలోగా సైరాకు దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ ఎర్రగా తడిసింది. ఆ పిల్ల దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుని అడిగింది.

"చెయ్యకుంటే ఏమైతది?"

ఫికర్ పడకు, ఏం కాదు అనాలనుకున్నాడు. ఇన్నాళ్లూ అదే అన్నాడు. ఖాదర్‌బీతో కూడా చివరిదాకా అదే అన్నాడు.

"బతకవు బేటీ," అన్నాడు. అని, వరండా అంతా వినబడేలా ఏడ్చాడు.

సైరా ఏడవలేదు. "అయితే సంతకం పెట్టు. ఇయ్యాలనే పెట్టు. రేపటిదాక ఉంటే నేనే వద్దంట," అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ రోజున అతన్ని బయటే ఆపేశారు. తలుపులు మూసే ఉన్నా కేక వినిపించింది. మొదటి కేక "అమ్మీ" అని చనిపోయిన తల్లిని, తర్వాతది "అబ్బా" అని తనను. తలుపు మీద పడబోతే అరుణాదేవి రెండు చేతులతో ఆపింది. "మీరు లోపలికొస్తే ఆమెకే నష్టం. పొండి, చేతులకు ఏదన్న పని చెప్పండి."

అతను వరండా చివరికి పోయి, అక్కడ ఉంచిన చెట్టు ముందు కూలబడ్డాడు. కత్తెర తీశాడు. ఎండిన పైభాగాన్ని కోసి పారేస్తే గాయం కనబడదు, చిన్న చెట్టులా నీటుగా ఉంటుంది. లోపల్నుంచి మళ్లీ కేక. కత్తెర కింద పడేసి చాకు తీశాడు. ఎండిన మోడును కొయ్యలేదు. దాని బెరడును పైనుంచి కింది దాకా గీరసాగాడు. వేళ్లు తెగినా ఆపలేదు. లోపలి కర్ర తెల్లగా బయటపడింది. ఏ రూపం బాగుంటుందన్న ఆలోచనే లేదు అప్పుడు. దాచబుద్ధి కాలేదు, అంతే. కేకలు ఆగిపోయాయి. అవి ఆగడం వినడం ఇంకా కష్టమైంది.

సైరా బతికింది. మూడు వారాలకు రెండోసారి కోశారు, మిగతా ఎముకలు తీశారు. ఈసారి ఆ పిల్ల కేకలు వెయ్యలేదు. ఆ తర్వాత చాలా రోజులు తండ్రితో మాట్లాడలేదు. అతను వచ్చి మంచం పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు.

వానలు పడ్డాక ఒక పూట వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. గాబరాగా అటూ ఇటూ వెతికాడు. చూస్తే సైరా గోడ పట్టుకుని వరండా చివరికి నడుస్తోంది. ఎడమ భుజం కిందికి జారి, నడుము ఒరిగి, ఆగి ఆగి అడుగేస్తోంది. చెట్టు దగ్గర నిలబడి ఆ తెల్లటి మోడును, పక్కకు చాచిన ఒక్క కొమ్మను చూసింది.

"మంచిగ లేదు," అంది.

"లేదు," ఒప్పుకున్నాడు ఖుద్దూస్.

"కొమ్మ గోడ దిక్కున్నది. ఎండ ఎట్ల తాకుతది?" కుడి చేత్తో తొట్టిని తిప్పబోయింది. రాయి కదల్లేదు. అతను చెయ్యి వెయ్యబోతే "ఉండు" అంది. పళ్లు బిగించి కొంచెం కొంచెంగా తిప్పింది. కొమ్మ వెలుగులోకి వచ్చింది.

అప్పటికి ఊపిరి చాలక ముఖం పాలిపోయింది. ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయింది. ఖుద్దూస్ కూడా పక్కనే కూర్చున్నాడు. ఆమె శ్వాస తీసుకున్నప్పుడల్లా ఎడమవైపు లోపలికి పీక్కుపోతోంది. చూపు తిప్పుకోకుండా చూశాడు.