గోడ ఇవతలి జవాబు

ఎల్స్పెత్ బ్రెమ్నర్ పొయ్యిలోని బూడిద ఎత్తి, నిప్పు రాజేసి, అల్మరా పై అరలోని నీలం పళ్లేన్ని పక్కకు జరిపింది. దాని వెనక గోడలో అరచెయ్యి పట్టేంత కంత. గోడ మందం మూడడుగులు. అవతల గుడి.

బాన్ఫ్‌షైర్ కొండల కింద ఆ ఇంటిని దారిన పోయేవాళ్లు చూస్తే లోపల గుడి ఉందని తెలియదు. పొడుగాటి ఒకే ఇల్లు, ఒకే పలకరాతి కప్పు, వరసగా ఏడు చిన్న కిటికీలు. నాలుగు కాపురానివి, మూడు దేవుడివి. కేథలిక్కుల పూజ నేరమైన రోజుల్లో కట్టింది. కప్పు మీద శిలువ పెట్టలేదు. గుడివైపు కొసన పొగగొట్టం లేపారు. దాని కింద పొయ్యి లేదు. కట్టిన నాటినుంచి అందులోంచి పొగ వచ్చిన పాపాన పోలేదు, కాకులు గూళ్లు పెట్టుకోవడం తప్ప. ఆ రోజుల్లో దారి మీద సిపాయిలు కనిపిస్తే వంటమనిషి ఈ కంతలోంచే ఫాదర్‌ను హెచ్చరించేదట.

ఎల్స్పెత్ కేథలిక్కు కాదు. తండ్రి ఊళ్లో, కేథలిక్కులంటే గిట్టని ప్రెస్బిటీరియన్ సంఘానికి పెద్ద. పనికి పంపుతూ, "వాళ్ల నేల తుడువు, తప్పులేదు. పూజ జరిగేటప్పుడు మాత్రం ఆ గడప తొక్కకు," అన్నాడు. సరేనంది. అప్పుడామెకు ఇరవై మూడు. ఇప్పుడు యాభై నాలుగు. మణికట్లు లావెక్కాయి. పాల బకెట్లు మోసి మోసి ఎడమ భుజం కాస్త దిగింది. ఏటా మే నెలలో గుడికి వేసే సున్నం వేళ్ల సందుల్లో పగుళ్లయి మిగిలింది. ఆదివారాలు రెండు మైళ్లు నడిచి తమ గుడికి వెళుతుంది.

"ఏం ఎల్స్పెత్, ఒళ్లంతా ధూపం వాసనేస్తోందే!" అంటారు అక్కడి ఆడవాళ్లు.

"ధూపం కాదమ్మా, పేడ. ముందు ముక్కు కడుక్కో," అంటుంది.

ఫాదర్ మెక్‌హార్డీకి డెబ్బై ఎనిమిది. ఆదివారం పదహారుమంది వస్తారు. మిగతా రోజుల్లో ఆయనొక్కడే పూజ చేసుకుంటాడు, ప్రశ్నా తనే, జవాబూ తనే. కిందటి శరదృతువులో ఒకనాడు మధ్యలో గొంతు ఆగిపోయింది. ఎల్స్పెత్ పిండి కలుపుతోంది. ఎంతకీ మాట లేదు. ముప్ఫై ఏళ్లుగా గోడ అవతలినుంచి వింటున్న లాటిన్ జవాబు ఆమె నోట్లోంచి దానంతటదే కంతలోకి వెళ్లింది. ఆయన అందుకుని సాగించాడు.

తర్వాత ఓట్స్ జావ తాగుతూ, "ఇందాక పలికిందెవరు, దేవదూతా?" అన్నాడు.

"దేవదూతల చేతులకి పిండి అంటుకోదు ఫాదర్."

ఆయన నవ్వాడు. "ఆడవాళ్లు బలిపీఠం దగ్గరికి రాకూడదు, దూరంనుంచి జవాబు చెప్పొచ్చని మా చట్టం. నువ్వేమో వంటింట్లో ఉన్నావు. మధ్యన ఇంత గోడ. మా బిషప్పుకీ సరిపోయింది, మీ నాన్నకీ సరిపోయింది."

ఆనాటినుంచి రోజూ జవాబు ఆమెదే. అర్థం ఆయనే చెప్పాడు. 'ప్రభువు మీకు తోడుండుగాక' అని ఆయనంటే, 'నీ ఆత్మకూ తోడుండుగాక' అని ఆమె అనాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నీలం పళ్లెం జరిపిన ఆ పొద్దున, మంగళవారం, మంచూ వానా కలిసి పడుతున్నాయి. మూడు జవాబులు సవ్యంగా సాగాయి. నాలుగోసారి ఆయన సగం మాటలో ఆగాడు. మిగతా సగం ఆమె అందించింది. చప్పుడు లేదు. కాస్త గట్టిగా మళ్లీ అంది. పొగగొట్టంలో కాకి రెక్కలు విదిలించిన చప్పుడు మాత్రం వినిపించింది.

చేతులు తుడుచుకుని గుడిలోకి తెరుచుకునే తలుపు దగ్గరికి వెళ్లింది. గుడి నేల వంటింటికన్నా ఒక మెట్టు పల్లం. ఏ బండ కదులుతుందో, ఏ మూల చెమ్మ ఊరుతుందో మోకాళ్ల మీద తుడిచిన మనిషికి తెలుసు. అయినా గడప దగ్గర ఆగింది. కాసేపు. తర్వాత దిగింది.

ఆయన పీఠం మెట్టు మీద కూలబడి, వెనక్కి ఆని ఉన్నాడు, గడ్డి కోసి అలిసిన మనిషిలాగా. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె ఆయన కళ్లు మూసింది. కొవ్వొత్తులు రెండూ వెలుగుతున్నాయి. ఆర్పాలో కూడదో తెలియక వదిలేసింది.

పిలిస్తే కొట్టంలోంచి పాలేరు డేవీ గ్రాంట్ వచ్చాడు. టోపీ తీశాడు.

"పోయారా?"

"పోయారు."

"పూజ అయ్యాకేనా?"

"కాదు. సగంలో."

డేవీ ఆమె నిలబడ్డ బండవంక చూశాడు. ఆమె తండ్రికిచ్చిన మాట ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. "మరి నువ్వు..."

"వచ్చాను," అంది. "దుప్పటి పట్రా డేవీ. నేల చల్లగా ఉంది."

అతను వెళ్లాక, గోడ అడ్డం లేకుండా, 'నీ ఆత్మకూ తోడుండుగాక' అన్న ఆ జవాబు ఇంకొక్కసారి చెప్పింది. మామూలు గొంతుతోనే.

వంటింటి బల్ల మీద ఆయన కోసం ఉడికించిన గుడ్డు, చల్లారకుండా ఆమె తొడిగిన ఎర్ర ఊలు టోపీతో అలాగే ఉంది.