అర్తమోన్ జారలేదు

అగ్లాయా గారి ఛాతీ మీద ఆఖరి తీగ అంటించి, ఊడకుండా బొటనవేలితో ఒత్తి, ఎవ్దోకియా ఒక అడుగు వెనక్కి వేసింది. "మాట్లాడకండమ్మా. ఈ కాగితం బయటికొచ్చేదాకా ఓపిక పట్టండి" అంది.

అగ్లాయా గారికి మాట్లాడకుండా ఉండటం కన్నా కష్టమైన పని లేదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ రేవు పక్క సినిమాహాల్లో టికెట్లు అమ్మిన మనిషి. ఇప్పుడు ఆ హాలు లేదు, టికెట్లు లేవు, గుండె కూడా సరిగ్గా లేదు. పెదాలు బిగించి పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. యంత్రం కీచుమంటూ గీతల కాగితం కక్కింది.

"అంతా బాగే కదా?"

"బాగేనమ్మా. కాస్త ఈ మధ్య..." అని ఆగింది అగ్లాయా గారు. జాకెట్టు బొత్తాలు పెట్టుకుంటూ "పోనీలే. బాగే" అంది.

ఎవ్దోకియా ఆ 'పోనీలే'ని విన్నది. విని, రోజూలాగే వదిలేసింది.

పొట్టి మనిషి ఎవ్దోకియా. వెడల్పాటి అరచేతులు. రోగి ఒంటి మీద చెయ్యి వేసేముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చ చేసుకోవడం నర్సు చదువులో చేరిన ఏడాది నుంచీ అలవాటు. కాళ్ళ నరాలు ఉబ్బి నీలంగా తిరిగాయని ఎండాకాలంలోనూ మందపాటి మేజోళ్ళు వేసుకుంటుంది. నొప్పిగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదంటుంది. పెళ్ళి కాలేదు. అక్కతో కలిసి రేవు వెనక నాలుగో అంతస్తులో ఉంటుంది. పెద్ద డాక్టర్లు నలుగురు మారారు. నలుగురికీ "అలాగే డాక్టరుగారూ" అనే చెప్పింది. ఆ ఒక్క మాట మీద ఆమె జీవితమంతా సాఫీగా గడిచిపోయింది.

ఇప్పటి డాక్టరు చెర్నాట్ చెడ్డవాడేం కాదు. ఆమె కాళ్ళు చూసి, కూర్చునే పని చేసుకోమని, అడక్కుండానే చక్రాల కుర్చీ ఒకటి తెప్పించి పెట్టాడు. నీరసించిన గుండెలకి కొత్త బిళ్ళ ఒకటి తయారైందనీ, దాన్ని పరీక్షించే పని తుల్చా పట్నంలో మన ఆస్పత్రికే దక్కిందనీ చెప్పినప్పుడు అతని మొహం వెలిగిపోయింది. ఇందులో చేరినవాళ్ళలో కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికేది పడిందో డాక్టరుకూ తెలియదు. రాజధానిలో వాళ్ళు లెక్క తేలుస్తారు.

మొదట్లో ఎవ్దోకియా "ఎలా ఉన్నారు?" అని అడిగేది. జనం చెప్పేవాళ్ళు. మోకాళ్ళ గురించి, కోడళ్ళ గురించి, కోళ్ళని ఎత్తుకుపోయిన నక్క గురించి, మధ్యలో ఎక్కడో తలతిరుగుడు గురించి. ఒకనాడు డాక్టరు, అందరూ పిలిచే ముద్దుపేరుతోనే, ఆమెని పక్కకి పిలిచాడు. "దూన్యా, ప్రతి తలనొప్పికీ నేను రాజధానికి సంజాయిషీ రాసుకోవాలి. వాళ్ళు దాని మీద పది ప్రశ్నలు వేస్తారు. 'అంతా బాగే కదా' అని అడుగు. నిజంగా బాగాలేనివాడు తనే చెప్తాడు" అన్నాడు.

చెప్పరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు. డాక్టరు మొహం చూడటానికి నెలల తరబడి ఎదురుచూసే ఊళ్ళలో, పిలిచి మరీ చూసే డాక్టరుకి ఎదురుగా కూర్చుని బాగాలేదని ఎవరంటారు? అంటే ఆయన నొచ్చుకోడూ? అయినా ఆమె "అలాగే డాక్టరుగారూ" అంది.

ఆ రోజు అగ్లాయా గారు వెళ్ళిన కాసేపటికి, పొద్దుటి పడవకి అర్తమోన్ వచ్చాడు.

అతను ఎవ్దోకియా వాళ్ళ ఊరివాడే. ఎప్పుడో రష్యా నుంచి వలసొచ్చి పాత ఆచారాలు వదలని లిపొవాన్లు; నాలుగు తరాలుగా చేపలు పట్టే ఇల్లు. రొమ్ము దాకా తెల్లటి గడ్డం, చొక్కా మీద నేసిన నడికట్టు, ఒంటికి రెల్లు పొగ వాసన. చొక్కా విప్పమంటే విప్పుతాడు గానీ నడికట్టు విప్పమంటే మాత్రం, దేవుడు చూస్తున్నాడన్నట్టు, గోడవైపు తిరుగుతాడు. ఆ పెద్ద శరీరం మంచం మీద వాలేసరికి మంచం మూలిగింది.

"అంతా బాగే కదా మామా?" అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత చూసింది, కణత మీద పసుపు తిరిగిన కమిలిన మచ్చ.

"బాగెక్కడిదే? నీ మొహాన కళ్ళున్నాయా, బొత్తాలున్నాయా?"

"అయ్యో, ఏమైంది?"

"వల లాగుతున్నాను. నిలబడే ఉన్నాను. ఎవడో దీపం ఊదేసినట్టయింది. మళ్ళీ వెలిగేసరికి సరస్సులో నీళ్ళు తాగుతున్నాను. పడవలో నాతో ఉన్న సవ్వాగాడు గడ్డం పట్టుకుని పైకి లాగాడు. గడ్డం ఉండబట్టి బతికాను. మీ డాక్టరుకి గడ్డం లేదు, పడవెక్కేటప్పుడు జాగ్రత్తగా ఉండమని చెప్పు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. డాక్టరుని పిలిచింది.

చెర్నాట్ వచ్చి మచ్చని వేళ్ళతో తడిమాడు. కనురెప్ప పైకెత్తి చూశాడు. చేతులు సుతారంగానే ఉన్నాయి.

"పడవ అడుగు తడిగా ఉందా?"

"తడి లేని పడవ ఒడ్డున బోర్లించి ఉంటుంది."

"రబ్బరు బూట్లా?"

"రబ్బరువే."

"జారుంటారు" అన్నాడు డాక్టరు, కంప్యూటరు వైపు తిరిగి. కాలు జారి పడ్డాడు, స్వల్ప గాయం, మందుకు సంబంధం లేదు. టకటకా కొట్టేశాడు.

అర్తమోన్ లేచి కూర్చున్నాడు. ఛాతీకి తీగలు వేలాడుతున్నాయి. "నేను జారలేదు."

"తాతగారూ, వయసులో..."

"నడక కన్నా ముందు పడవలో నిలబడటం నేర్చుకున్నవాణ్ణి. కళ్ళు చీకట్లు కమ్మాయని చెప్పాను. జారానని నేనెప్పుడన్నాను? దూన్యా, నువ్వు చెప్పవే. మీ నాన్న మా నాన్న పడవలో తిరిగినవాడేగా. మా ఇంట్లో జారినవాడు ఉన్నాడా?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఎవ్దోకియా తీగలు చిక్కు తీస్తూ, "తర్వాత మాట్లాడదాంలే మామా" అంది.

అర్తమోన్ ఈ బిళ్ళ మానేస్తానన్నాడు. డాక్టరు కోప్పడలేదు. మానేయడం మీ హక్కు, ఎవరూ ఆపరు అన్నాడు. కాకపోతే ఈ పరీక్షలన్నీ ఇందులో భాగమే కదా, బయటైతే గుండె స్కానింగుకి వరసలో పేరు రాయించుకోవాలి, పిలుపు ఏ చలికాలానికో వస్తుంది, ఆలోచించుకోండి అన్నాడు. ఎంత మెత్తగా చెప్పాడంటే అది బెదిరింపని ఎవరూ అనలేరు. ముసలాయన నడికట్టు ముడి వేసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. కొత్త బిళ్ళల డబ్బా కోసం చెయ్యి చాపాడు.

తిరుగు పడవ మధ్యాహ్నం దాటాక. వసారాలో బల్ల మీద కూర్చుని, సంచిలోంచి చిరిగిన వలముక్క, వల అల్లే కట్టె సూదీ తీసి పని మొదలుపెట్టాడు. ఎవ్దోకియా రొట్టె, ఉప్పు జున్ను తినేసి, అతనికి టీ తీసుకెళ్ళింది.

"ఊళ్ళో తాగి పడ్డాడంటున్నారే" అన్నాడు తల ఎత్తకుండా. "మా ఫియోదోసియా కూడా నోరు వాసన చూసింది. ఇన్నేళ్ళ కాపురం! ఇక్కడికొస్తే ఈయన జారాడంటాడు. నా ఒంట్లో ఏమైందో నాకు తప్ప అందరికీ తెలుసు."

"నేను డాక్టరుగారితో మాట్లాడతాను."

"పొద్దున మాట్లాడాల్సింది." కోపంగా కాదు, వాన పడాల్సింది అన్నట్టు అన్నాడు. టీ ఒక గుక్క తాగి, సూది మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె చెవులు మండాయి. నేరుగా డాక్టరు గదికి వెళ్ళింది. అతను ఫోన్లో ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి, ఫోను పెట్టేసేదాకా ఆగి, "అర్తమోన్ మామ స్పృహ తప్పి పడ్డాడు. ఆ మాట మార్చండి" అంది. రేపు చూద్దాం దూన్యా అన్నాడతను. ఈ రోజే చూడండి అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అతను ఆశ్చర్యంగా తలెత్తాడు. అంతలో మరో ఫోను మోగింది.

తిరిగొచ్చేసరికి అర్తమోన్ గోడకి ఆనుకుని, గడ్డం రొమ్ము మీద పరుచుకుని కూర్చున్నాడు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు, నిద్ర చెడకూడదని కాస్త జరిగి, గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఆమె మణికట్టు పట్టుకుంది. మెడ మీద వేళ్ళు పెట్టింది. తర్వాత గట్టిగా కేక వేసింది.

చెర్నాట్ పరుగెత్తుకొచ్చాడు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా తడిసిపోయేదాకా ఆ పెద్ద ఛాతీని నొక్కుతూనే ఉన్నాడు. షాకులిచ్చాడు. మళ్ళీ నొక్కాడు. ఆపమని వేరే డాక్టరొచ్చి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఈ విషయంలో అతన్ని తప్పుపట్టడానికి లేదు.

చేతులు కడుక్కుంటూ అన్నాడు, "పాపం. అంత బలహీనమైన గుండె. ఇలాంటివాళ్ళు ఇలాగే పోతారు దూన్యా. అందుకే కదా ఈ మందు కోసం వెతుకుతున్నాం."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది.

"ఆయన బతికుంటే మందు గొప్పదనేవాళ్ళం. పోయాడు కాబట్టి గుండె చెడ్డదంటున్నాం. మరి మందు తప్పెప్పుడు చేస్తుంది డాక్టరుగారూ?"

"ఆయనకి పడింది ఉత్త బిళ్ళేనేమో. నీకు తెలుసా? నాకు తెలుసా?"

"తెలీదు. తెలీనప్పుడు జారాడని ఎలా రాశారు?"

అతను తువ్వాలు వంకెకి తగిలించాడు. "ఈ పరీక్ష ఇక్కడ ఆగిపోతే మిగతావాళ్ళకి స్కానింగులు ఎవరు చేస్తారు? నువ్వు చేస్తావా? వీళ్ళని వారం వారం చూసే దిక్కు ఇంకెవరున్నారీ జిల్లాలో?"

మనిషి గుండె చూపించుకోవడానికి, ఆ గుండె మీద ఎవరో పరీక్ష పెట్టుకోవాల్సిన దేశంలో ఆ ప్రశ్నకి జవాబు ఒక నర్సు దగ్గరెలా ఉంటుంది? ఆమె తన గదికి వెళ్ళి, తలుపు వేసుకుని, మొదట అగ్లాయా గారికి ఫోను చేసింది.

"అగ్లాయా గారూ, ఎలా ఉన్నారు?"

"పొద్దునే చెప్పానుగా, బాగే అని."

"అది కాదమ్మా. ఎలా ఉన్నారు?"

అవతల అగ్లాయా గారు గొంతు తగ్గించింది. "మెట్ల మీద కళ్ళు తిరిగాయమ్మా. కూలబడ్డాను. ఒకసారి కాదు. డాక్టరుగారు నొచ్చుకుంటారని..."

ఆ మధ్యాహ్నం ఆమె ఫోను కింద పెట్టలేదు. అందరూ కళ్ళు తిరిగాయనలేదు. కొందరికి నిజంగానే బాగుంది. కానీ కొందరికి లేదు, వాళ్ళని ఎవరూ అడగలేదు. ఆఖరున బిళ్ళల డబ్బా మీద అచ్చువేసిన రాజధాని నంబరుకి చేసింది. ఒక అమ్మాయి ఎత్తింది. "ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి, నేను ఆగుతాను" అంది. ఎవ్దోకియా చెప్పింది. అర్తమోన్ అన్న మాటలు అన్నట్టే చెప్పింది, దీపం ఊదేసినట్టయిందన్న మాటతో సహా. తను ఏ ప్రశ్న వేస్తూ వచ్చిందో, ఎవరు వేయమన్నారో, తను ఎందుకు ఒప్పుకుందో కూడా చెప్పింది. పేరు అడిగితే పూర్తి పేరు చెప్పింది.

ఆ వేసవి గడవకముందే ఆ బిళ్ళని అన్ని ఊళ్ళలోనూ ఆపేశారు. వేరే దేశాల్లోనూ జనం అలాగే కూలబడ్డారట. రాజధాని నుంచి వచ్చినవాళ్ళు డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దుకుని తీసుకుపోయారు. జనం క్షేమం దృష్ట్యా ఆపాం అన్నారు తప్ప అర్తమోన్ పేరు ఎవరూ ఎత్తలేదు. అతను తిన్నది అసలు మందా, ఉత్త బిళ్ళా అన్నది ఫియోదోసియాకి ఎవరూ చెప్పలేదు. ఎవ్దోకియా రెండుసార్లు రాసి అడిగింది, తేలలేదు. స్కానింగు వరసలో అగ్లాయా గారికి తేదీ చలికాలానికి ఇచ్చారు. ఎవ్దోకియాని విరిగిన చేతులకి కట్లు కట్టే గదికి మార్చారు. చక్రాల కుర్చీ గుండె విభాగంలోనే ఉండిపోయింది.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు పొద్దు వాలుతుండగా, కబురందుకున్న ఫియోదోసియా సవ్వాని తోడు తీసుకుని వచ్చింది. నల్ల రుమాలు కట్టుకుంది. ఏడవలేదు. వసారా చివర నిలబడి, "పడిపోయాడా?" అని అడిగింది.

"లేదత్తా. కూర్చునే ఉన్నాడు. పని చేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు."

"పడలేదు?"

"పడలేదు. ఆ రోజు పడవలో కూడా జారలేదు. తాగలేదు. కళ్ళు చీకట్లు కమ్మి పడ్డాడు. అలాగే చెప్పాను, చెప్పాల్సినవాళ్ళకి."

ఫియోదోసియా రెండు వేళ్ళతో మెల్లగా శిలువ గుర్తు వేసుకుంది. నోరు చేత్తో మూసుకుంది. కాసేపటికి ఆ చెయ్యి తీసి, "నేను వాసన చూశానే దూన్యా" అంది.

సవ్వా ఆమెని నడిపించుకుని కిందికి తీసుకెళ్ళాడు. సంచి, టోపీ, బూట్లు పట్టుకెళ్ళారు. వసారా కడిగే ఆమె వచ్చి, బల్ల కింద తుడిచి, చల్లారిన టీ పారబోసి వెళ్ళింది. బల్ల మీద ఒక కొసన, చేతుల జిడ్డుకి నున్నగా నల్లబడిన కట్టె సూది ఉంది. దానికి ఇంకా దారం చుట్టి ఉంది.