మిగిలిపోయిన లాకు

పొద్దున్న ఏడింటికి షాపు ఊడుస్తున్న నా భార్య గులాబ్ బీ చీపురు పక్కన పడేసి, అరచేయి నా ముందు చాపింది. "గిది బెంచీ కింద దొరికింది. మీదేనా?" అంది.

చిన్న తీగ రింగు. పిస్టన్ పిన్ను జరక్కుండా అటొకటీ ఇటొకటీ వేసే లాకు. పాతదైతే మసిపట్టి గరుకుగా ఉంటుంది. దీన్ని గోటితో రుద్ది చూశాను, కొత్తదే. కిట్టులో వచ్చేవి రెండే రెండు. నిన్న నేను విప్పి బిగించింది ఒకే ఇంజను, రేవులో సంసోను నడిపే పడవది. అంటే దాన్లో ఒక లాకు పడలేదు.

నేను జానీ మియాని. సారపాకలో ముప్పై ఏళ్లుగా చిన్న పెట్రోల్ ఇంజన్లు బాగుచేస్తున్నాను. చేలకు మందు కొట్టేవి, కర్ర కోసేవి, పడవలవి. జానీ మియా బిగించిన ఇంజను మళ్లీ షాపు గడప తొక్కదని జనం చెప్పుకుంటారు. ఆ చెప్పుకునేవాళ్లలో మొదటివాణ్ణి నేనేననుకోండి.

లాకు లేకపోతే మొదట ఏమీ కాదు. అదే అసలు చిక్కు. ఇంజను బ్రహ్మాండంగా నడుస్తుంది. పిన్ను మాత్రం వెంట్రుకవాసి చొప్పున బయటికి జరుగుతూ సిలిండర్ గోడను గీస్తుంది. గంటకో పూటకో పిస్టన్ పట్టేసి ఇంజను ఆగిపోతుంది. చేలో మందు పంపు పట్టేస్తే నన్ను నాలుగు తిట్టుకుని ఇంటికి పోతారు. సంసోను పడవ అలా కాదు. దుమ్ముగూడెం దగ్గర రేవులో, అవతల పినపాక వైపు మిర్చి కోతలకు పోయే ఆడవాళ్లను గోదావరి దాటిస్తుంది. నడుమ ఇంజను ఆగితే నీళ్లు పడవను ఆనకట్ట వైపు లాక్కుపోతాయి.

మా రేవుల్లో ఒక రివాజు ఉంది. ఇంజను విప్పి కట్టినవాడు మొదటి ట్రిప్పులో తానూ ఎక్కాలి. నిన్న సంసోను రమ్మంటే పనుందన్నాను. పనీ లేదు, పాడూ లేదు. ఎడమ కంట్లో శుక్లం ముదిరి ఏడాదైంది, కుడిదీ మసకబారుతోంది. నీళ్ల మీద ఎండ పడితే నాకంతా తెల్లటి పొగే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు షాపులో బల్బు బాలేదని రెండుసార్లు మార్పించాను. లాకులు వేళ్లతో తడిమే వేస్తున్నాను. నిన్న రెండోది టిక్కుమంది. గాడిలో కూర్చుందనుకున్నాను. అది ఎగిరి బెంచీ కింద పడిందన్నమాట.

సంసోనుకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఆ రేవులో సిగ్నల్ ఉండదు, వేరే ఎవరి నంబరూ నా దగ్గర లేదు. ఆ లాకు, పానాలు, గాస్కెట్టు సంచిలో వేసుకుని బండి తీశాను. గులాబ్ షట్టర్ దించి, అడక్కుండానే వెనక ఎక్కి కూర్చుంది.

బ్రిడ్జి మీదుగా భద్రాచలం దాటాక మొదలుపెట్టింది. "ఎదురుంగ జామాయిల్ లారీ. ఎడమకు పోన్రి." నాకు కనపడదా ఏంటని కసురుకున్నాను. తర్వాత బర్రెలొస్తే మళ్లీ చెప్పింది. నేను మళ్లీ కసిరాను, కానీ బండి ఆమె చెప్పిన వైపే తిప్పాను.

రేవు చేరేసరికి పడవ నది మీదుంది. ఇసుకలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. కళ్లు పోతున్నాయిగానీ నా చెవులు గట్టివి. ఇంజను చప్పుడు అడుగున సన్నగా ఇంకో చప్పుడుంది, తలుపు మీద ఎవరో గోటితో కొడుతున్నట్టు. పడవ ఎంత దూరం పోయిందో గులాబ్‌ను అడగడానికి నాకు నామోషీ. ఆమే చెప్పింది. "పద్నాలుగు మంది ఉన్నరు. సగం దాటిన్రు." ఆ రెండో సగమంతా ఆ చప్పుడు పెరుగుతుందేమోనని చెవి అటే పెట్టాను.

అవతల జనాన్ని దింపి పడవ ఖాళీగా తిరిగొచ్చింది. ఇవతల ఇంకో పన్నెండు మంది ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో కాచుకుని ఉన్నారు. రెండు ట్రిప్పులవాళ్లూ కలిశాకే అవతల చేలకు తీసుకుపోయే ట్రాక్టరు కదులుతుంది. నన్ను చూసి సంసోను మొహం విప్పారింది. ఇంజను మస్తుగా నడుస్తోందన్నాడు. బంద్ చెయ్, విప్పాలి అన్నాను. మంచిగ నడిచేదాన్ని విప్పుడేందని అతనూ, ఎండెక్కుతోందని ఆడవాళ్లూ సణిగారు.

పెట్రోల్‌లో చెత్త పడిందని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ నమ్మేవాళ్లే.

"ఒక లాకు నేను వెయ్యలే సంసోనూ," అన్నాను. "నాకు కండ్లు సరిగ కనపడ్తలేవు. చూడకుండ బిగించి నీకిచ్చిన."

సంసోను ఇంజను వైపు చూశాడు, నది వైపు చూశాడు. అతని భార్య ఇన్నమ్మ కూడా మిర్చి కోతలకే పోతుంది.

"ఇప్పుడు పోయిన ట్రిప్పుల ఇన్నమ్మ ఉండె చాచా," అన్నాడు. తిడితే బాగుండేది.

ఇంజను చల్లారేదాకా ఆగి హెడ్డు విప్పాను, సిలిండర్ పైకి లాగాను. వేలు పెట్టి తడిమితే పిన్ను బియ్యపుగింజంత బయటికొచ్చి ఉంది, గోడ మీద గీత పడింది. ఇంకో ట్రిప్పు ఓర్చేది కాదేమో. గీతను సన్నటి ఎమరీ కాగితంతో సాపు చేసి, పిన్ను లోపలికి నెట్టి లాకు వేయబోయాను. గాడి కనపడలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి ప్రయత్నించకుండా పట్టకారు గులాబ్ చేతికిచ్చాను. ముప్పై ఏళ్లలో ఆమె చేతికి చీపురే ఇచ్చాను తప్ప పనిముట్టు ఇవ్వలేదు.

రెండు కొసలూ దగ్గరకు నొక్కమన్నాను, గాడిలో పెట్టి వదలమన్నాను, గోటితో తిప్పి చూడమన్నాను. ఆమె మొహం ఇంజనుకు ఆనించినంత పని చేసింది.

"గాడిలనే తిరుగుతుంది," అంది. నేను చెప్పకముందే, "ఇంకో పక్కది గూడ చూస్త," అని వంగింది.

అంతా బిగించి తాడు లాగితే ఇంజను అందుకుంది. అడుగున గోటి చప్పుడు లేదు. ఆడవాళ్లు మాత్రం ఎక్కకుండా నా మొహమే చూస్తున్నారు. సంసోను కూడా.

"రివాజు యాదున్నదా చాచా?"

"ఉన్నది. లాకు ఏసింది ఈమె. ఇద్దరం ఎక్కుతం."

మేమెక్కాక ఆడవాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. నది నడుమకు వచ్చేసరికి నాకంతా తెల్లటి పొగే మిగిలింది. నీళ్లెక్కడో ఒడ్డెక్కడో తెలియలేదు. భయమేసింది. గులాబ్ చెయ్యి పట్టుకున్నాను.

"ఒడ్డు ఎంత దూరమున్నది?" అని అడిగాను.

"దగ్గర్లనే," అంది. "ఇన్నమ్మ నిలబడి మనదిక్కే చూస్తుంది."

ఇన్నమ్మకు కూడా లాకు సంగతి నేనే చెప్పాలి, సంసోను నోరు తెరవకముందే.