కాముని మంట దగ్గర రెండు దండలు

వియ్యపురాలి మీద ఇంత కుళ్ళు పెట్టుకోవడం మంచిది కాదని గంగమణికి తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు తగ్గుతుందా?

కొడుకు రాజారాం, కోడలు బిందుమాధవి హైదరాబాద్ నుంచి తన ఊరు బోధన్‌కు బదిలీ మీద వచ్చినప్పుడు, మనవరాలు అంకిత ఇక తన ఒళ్ళోనే పెరుగుతుందని మురిసిపోయింది. అంతలో కోడలి తల్లి రత్తమ్మ తణుకు వదిలి, బోధన్ దగ్గర్లోని మోస్రాలో పొలం చేసుకుంటున్న తమ్ముడి ఇంట్లో వచ్చి దిగింది. ఆదివారం వస్తే చాలు, పిల్ల ఆమె చంకలో ఉంటుంది.

"నేను పిలిస్తే తలుపు చాటుకు పోతది. ఆమె దగ్గితే ఉరుకుతది," అంది గంగమణి కొడుకుతో. రాజారాం ఫోన్ చూస్తూ నవ్వాడు. ఆ నవ్వుకు కూడా ఆమెకు మండింది.

హోలీకి ముందు కాముని పున్నమి వచ్చింది. ఈ దిక్కున ఆ సాయంత్రం మంట దగ్గర పిల్లల మెడలో చక్కెర బిళ్ళలు, ఎండుకొబ్బరి కుడుకలు గుచ్చిన దండ వేస్తారు. కోస్తా మనిషికి ఆ సంగతి తెలియదు.

"పిల్లకు నేనేం తేవాలి వదినగారూ?" అని రత్తమ్మ ముందుగానే ఫోన్ చేసి అడిగింది.

"దండ తేవాలె వదినె. మంట కాడికి అమ్మమ్మ దండ తెస్తది," అంది గంగమణి. ఏం దండో చెప్పలేదు. మల్లెపూల దండ పట్టుకొచ్చి నలుగురిలో నవ్వులపాలు కానీ అనుకుంది. తను మాత్రం బజారుకు పోయి, అన్నిట్లోకి పెద్ద చక్కెర దండ కొనుక్కొచ్చింది.

పొద్దుగూకగానే గల్లీ చివర పెద్దమనిషి ముత్తన్న కట్టెల కుప్పకు నిప్పు పెట్టాడు. "శివుడు కాముణ్ని కాల్చిన దినం. మీ కడుపుల ఉన్న కోపం, కుళ్ళు గిండ్ల ఏసి పోండ్రి," అన్నాడు. ఏటా అనే మాటే. గంగమణి చేతిలోని దండ సర్దుకుంది.

రత్తమ్మ సంచి విప్పింది. పిడకల దండ! చిన్న చిన్న పిడకలు తన చేత్తో చేసి, ఎండబెట్టి, తాడుకు గుచ్చి తెచ్చింది. ఆమె ఊళ్ళో భోగి మంటకు పిల్లలు తెచ్చే దండ అది. మంట దగ్గరికి దండ అనగానే ఆమెకు అదే తోచింది.

"పెండ దండ తెచ్చిందిరో!" గల్లీ అంతా నవ్వింది. గంగమణి కడుపు చల్లబడింది. చక్కెర దండ మనవరాలి మెడలో వేసి, "సూడు బిడ్డా, నానమ్మ తెచ్చింది," అంది అందరికీ వినబడేలా.

రత్తమ్మ ముఖం చిన్నబోయింది. అయినా పిల్లను దగ్గరికి తీసుకుని, "మనం మంటలో వేద్దాం రా బంగారం," అంటూ ఒక్కో పిడకా తెంపి ఇచ్చింది. అంకిత విసిరింది, గంతులేసింది. ఇంకేముంది, గల్లీ పిల్లలంతా "నాకొకటి, నాకొకటి" అంటూ రత్తమ్మ చుట్టూ మూగారు. పిడకలు అయిపోయాయి. వేయడానికి ఇంకేముందా అని వెతుక్కున్న అంకిత, మెడలోని చక్కెర దండ తీసి మంటలోకి విసిరేసింది.

కాలిన చక్కెర వాసన గుప్పుమంది. "మూతపడ్డ మన చక్కెర ఫ్యాక్టరీ మల్ల నడిచినట్టే ఉందిరా!" అని ముత్తన్న నవ్వాడు.

"నానమ్మా, నీది గూడ ఏసిన!" అంటూ అంకిత పరుగెత్తుకొచ్చి గంగమణి కాళ్ళు చుట్టేసుకుంది. పిలవకుండా రావడం ఇదే మొదలు. గంగమణి ఆత్రంగా ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. పిల్ల చేతుల నిండా రత్తమ్మ పిడకల వాసన. ఏం చేస్తుంది? ఆ చేతులనే ముద్దు పెట్టుకుంది.