బెర్నీస్ గారి ఎడమ చెయ్యి

లోర్నా వెసెలీ మంచాన పడ్డ భర్తను రెండేళ్లకు పైగా ఒంటరిగా చూసుకుంది. ఆయన పోయాక, వృద్ధుల ఆశ్రమంలో తన పాత ఆయా ఉద్యోగానికి వెళ్తే సర్టిఫికెట్ చెల్లదన్నారు. ఆ రెండేళ్లూ ఆమె జీతానికి పనిచేయలేదట. జీతం లేని సేవ అమెరికాలోని ఆ అయోవా రాష్ట్రంలో లెక్కకు రాదు.

మళ్లీ పరీక్ష. మొదటిసారి, కాగితం అడ్డం పెట్టకుండా, కడిగిన చేత్తోనే మురికి కుళాయి కట్టేసి తప్పింది. రెండోసారి రోగి చేతికి ఆయాను పిలిచే బెల్లు అందించడం మరిచింది. ఇదే ఆఖరిది. ఇదీ పోతే ఆశ్రమం తన కోసం ఆపిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

పరీక్ష జరిగే కాలేజీ గదిలో రోగి ఒక ప్లాస్టిక్ బొమ్మ, పేరు బెర్నీస్. పరీక్షకురాలు టిల్మన్ రిటైరైన నర్సు. ఆవిడ సలహా ఇవ్వకూడదు, బొమ్మ తరఫున జవాబు మాత్రం చెప్పొచ్చు.

గదికి తలుపు లేదు గనక లోర్నా బల్ల మీద తట్టింది.

"లోపలికి రావచ్చా, బెర్నీస్ గారూ?"

"రా తల్లీ, నేనెక్కడికి పోతాను?" అంది టిల్మన్, మొహం కదలకుండా.

లోర్నా మంచం చుట్టూ తెర లాగింది. టిల్మన్ తప్ప చూసేవాళ్లెవరూ లేరు, అయినా మర్యాద మర్యాదే. "భుజం బిగుసుకుపోకుండా మెల్లగా కదిలిస్తాను. నొప్పెడితే చెప్పండి, ఆపేస్తాను."

ఎడమ చెయ్యి పైకెత్తింది. టక్కుమంది. చెయ్యి మొత్తం ఊడి వచ్చేసింది.

టిల్మన్ మార్కులు వేసే కాగితం అటూ ఇటూ తిప్పింది. చెయ్యి ఊడితే ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు.

లోర్నా బొమ్మ మొహంలోకి వంగి చూసింది. "నొప్పిగా ఉందా, అమ్మా?"

టిల్మన్ మళ్లీ బెర్నీస్ అయింది. "లేదు. తేలిగ్గా ఉంది."

"అయితే ఇంక కదిలించను."

ఆ చేతిని బెర్నీస్ పక్కనే పడుకోబెట్టి, చలేస్తుందేమోనని దుప్పటి కప్పింది. తెర తీసి, బల్ల దాకా వెళ్లి ఠక్కున ఆగింది. బెల్లు!

పరుగున వెనక్కి వచ్చింది. కుడి చెయ్యి గోడవైపుంది, బెల్లు తీగ అటు చేరదు. దుప్పటి ఎత్తి, ఊడిన చేతిలో బెల్లు పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. భర్తకూ చివర్లో అలాగే ముడిచేది. ఆయన ఒక్కసారీ నొక్కలేదు, ఊరికే పట్టుకుని ఉండేవాడు.

"ఏం కావాలన్నా నొక్కండి. వచ్చేస్తాను."

టిల్మన్ మళ్లీ కాగితం చదివింది. బెల్లు చేతికి అందాలని ఉంది. ఆ చెయ్యి ఒంటికి అతుక్కుని ఉండాలని మాత్రం లేదు. టిక్కు పెట్టింది.

"పాసయ్యావు తల్లీ," అంది, ఇంకా బెర్నీస్ గొంతుతోనే. "ఇక వెళ్లి, చేతులు ఊడనివాళ్లను చూసుకో."