కారణం గడి

"ఆపరేటర్ పొరపాటు" అని మా మేనేజరు చెబుతుంటే, పరీక్ష ఆగిన కారణం గడిలో నేనే రాసి, నేనే సంతకం పెట్టిన కాగితాలు అప్పటికి వారానికొకటి చొప్పున రెండున్నాయి. మూడోది కూడా పడితే సోమవారం నుంచి నన్ను ల్యాబ్‌లోంచి తీసేసి ప్యాకింగ్‌కి పంపిస్తారట. ఆపరేటర్ అంటే నేనే. ఆ ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు.

నా పని పవర్ సప్లైలను పరీక్షించడం. ఒక్కొక్కదాన్ని లోడ్ అనే పరికరానికి కలిపి, ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆపకుండా కరెంటు లాగించాలి. లాగిన కరెంటంతా లోడ్ లోపల వేడిగా మారి, పైనున్న చిల్లుల్లోంచి బయటికి పోతుంది. ఇదివరకు పది నిమిషాలకోసారి మనిషి లేచి వెళ్లి అంకెలు చూసి రాసుకోవలసి వచ్చేది. తుక్కులో వేయబోతున్న కంప్యూటర్‌ని అడిగి తెచ్చుకుని, అందులో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, ఆ పరికరాలన్నిటినీ దాని చేత నడిపించాను. నిమిషానికోసారి అదే అడుగుతుంది, అదే రాసుకుంటుంది. పైసా ఖర్చు కాలేదు. మా మేనేజరుకు దాని మీద నమ్మకం కుదరకపోవడానికి అదే కారణమనుకుంటాను.

ఇక మూడు వారాలుగా ఒకటే తంతు. పన్నెండున్నర దాటగానే లోడ్ ఆగిపోతుంది, కరెంటు సున్నా. నేను భోజనం చేసి ఒంటిగంటంబావుకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది. "ఊరికే దొరికిన సాఫ్ట్‌వేర్‌తో ఇంతేనమ్మా" అంటాడు మేనేజరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

చేయని ప్రయత్నం లేదు. మొదట్లో రూట్‌గా, అంటే సర్వాధికారాలతో, అడిగితేనే పలికిన పరికరం, మామూలు యూజర్‌గా అడిగితే నోరు మెదిపేది కాదు. ఆ అనుమతేదో రాసిచ్చాను. కేబుల్ మార్చాను. కరెంటు ఆదా చేద్దామని కంప్యూటర్ యూఎస్‌బీని నిద్రపుచ్చుతోందేమోనని ఆ నిద్రా మాన్పించాను. అయినా పన్నెండున్నర దాటితే సున్నానే.

మూడో శుక్రవారం ఉదయం ఉన్నట్టుండి నా మీద నాకే కోపం వచ్చింది. కేబుల్‌ని అనుమానించాను, లినక్స్‌ని అనుమానించాను, చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. నీకేమైందని పరికరాన్ని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇలాంటి పరికరాలు తమకు జరిగిన తప్పులన్నీ వరసగా దాచుకుంటాయి, అడిగితే చెబుతాయి. నా ప్రోగ్రాం వోల్టులూ ఆంపియర్లూ అడిగి ఊరుకునేది. ఆ రోజు అడిగాను. నిన్న ఆగిన కారణం బుద్ధిగా చెప్పింది: వేడి హద్దు దాటింది.

గదిలో ఏసీ ఉంది, లోడ్ ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. మరి రోజూ అదే వేళకు వేడెక్కడమేమిటి? ఇక మీదట నిమిషానికోసారి వేడి కూడా అడగమని ప్రోగ్రాంలో రాసి, ఆ అంకెలు కనిపించేలా పెట్టిన ల్యాప్‌టాప్ పట్టుకుని కింద క్యాంటీన్‌కి వెళ్లాను.

నా ఆడపడుచు ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. రోజూ కలిసే తింటాం.

"వదినా, మా పక్కన కుర్చీ తుడిచిపెట్టాను. టేపు అంటించడం నేనే నేర్పిస్తాలే" అంది.

"ముందు నీ నోటికి అంటిస్తాను" అన్నాను తెర మీంచి కళ్లు తీయకుండా.

పన్నెండూ ఇరవై దాకా వేడి యాభై రెండు డిగ్రీల దగ్గరే ఉంది. ఇరవై ఆరుకి అరవై. ఇరవై తొమ్మిదికి డెబ్భై. భోజనం సగంలో వదిలేసి, ఆడపడుచుని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మెట్లెక్కాను.

ల్యాబ్‌లో ఎవరూ లేరు. లోడ్ మీద, సరిగ్గా ఆ చిల్లుల మీద, నీలం గుడ్డ సంచీ ఉంది. అందులో భోజనం డబ్బా. ఆ సంచీ ఎవరిదో బిల్డింగంతా ఎరుగుదురు. మేము తిని వచ్చే లోపలే, ఒంటిగంటకి, తన గదిలో తినేది మా మేనేజరు ఒక్కడే.

"తీసెయ్యనా వదినా?"

"ముట్టుకోకు."

పన్నెండూ ముప్పై ఆరుకి లోడ్ టక్కున ఆగింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. "సార్, ఒక్కసారి వస్తారా? పొరపాటు దొరికింది."

ఆయన సంతోషంగా, రాయించుకోవడానికి కాగితం కూడా పట్టుకుని వచ్చాడు. సంచీ వైపు చూశాడు. తెర మీద అంకెల వైపు చూశాడు. మళ్లీ సంచీ వైపు చూశాడు.

"చల్లటి భోజనం నాకు పడదమ్మా. పైన వెచ్చగా ఉంటుంది కదా అని ఈ మధ్య రోజూ పెడుతున్నాను." తెచ్చిన కాగితం నా ముందు పెట్టాడు. "సరే, కారణం గడిలో ‘అధిక వేడి’ అని రాసెయ్యి. అదీ నిజమేగా. నీ కుర్చీ నీకే ఉంటుంది."

నిజమే. రెండు ముక్కలు రాస్తే ల్యాబ్ నాకు మిగులుతుంది. కానీ ఆ పాత కాగితాలు రెండూ నా సంతకంతో ఫైల్లో అలాగే పడి ఉంటాయి. నాకు భయం వేసింది. అయినా రాశాను: లోడ్ గాలి చిల్లుల మీద మేనేజరు గారి భోజనం డబ్బా.

తర్వాత ఫైలు తెరిచి, పాత రెండింటిలోనూ "ఆపరేటర్ పొరపాటు" మీద గీత కొట్టి, పక్కన అదే మాట రాశాను.

"కొట్టివేత పక్కన మీ సంతకం ఉండాలి సార్. రూలు మీరు పెట్టిందే."

"పెట్టకపోతే?"

"ఈ వారం సరుకు మీద నా సంతకం ఉండదు. గేటు దాటదు."

"అయితే సోమవారం నుంచి ప్యాకింగ్‌కి వెళ్తావా?"

"వెళ్తాను సార్. ఎందుకొచ్చావని అక్కడ అడిగినవాళ్లందరికీ ఈ డబ్బా సంగతే చెబుతాను."

"ప్యాకింగ్‌లో కుర్చీ ఖాళీ లేదు సార్" అంది నా వెనకనుంచి ఆడపడుచు.

ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నా చేతిలో పెన్ను తీసుకుని మూడు చోట్లా సంతకం పెట్టి, డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. లోడ్ చల్లబడేదాకా ఆగి, పరీక్ష మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ఆ కాగితాలు ఇప్పటికీ ఫైల్లోనే ఉన్నాయి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు కారణం గడి చదివి నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. ఆ గడిలో ఉన్నది నేను కాదు.